గని మూతపడ్డ తరువాత కోలారు బంగారు గనుల ఊరు



ఊత్తంగరై నుంచి కృష్ణగిరి, కుప్పం మీదుగా కోలారు గనులకు పోయే దారి మీలో చాలామందికి తెలిసినదే. మన తాతల కాలంలో అయితే సామల్‌పట్టిలో రైలెక్కి, జోలార్‌పేటలోను బంగారుపేటలోను బండి మారి, మారికుప్పంలో దిగడమే. అప్పట్లో ఊత్తంగరై సేలం జిల్లాలో ఉండేది. సేలం, ఉత్తర ఆర్కాడు, చిత్తూరు జిల్లాల మెట్టపల్లెల వాళ్లకు వాన మొహం చాటేస్తే గనే దిక్కు. అక్కడ తమిళం, తెలుగు, కన్నడం ఒకే వీధిలో వినిపించేవి. ఆ గని 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. అంతమందికి అన్నం పెట్టిన కంపెనీ పోయాక ఆ ఊరు ఎలా నిలదొక్కుకుందో ఈ ప్రసంగంలో ముచ్చటిస్తాను.

ముందు కొంచెం పూర్వకథ. 1875లో లావెల్ అనే మాజీ సిపాయి మైసూరు సర్కారు దగ్గర తవ్వకానికి అనుమతి పొందాడు. బెంగుళూరులో లావెల్ రోడ్డు ఆయన పేరు మీదిదే. 1880లో లండనుకు చెందిన జాన్ టేలర్ కంపెనీ వచ్చాక గనులు జోరందుకున్నాయి. 1902లో శివసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్లు తీగ లాగి గనులకు కరెంటు తెచ్చారు. బెంగుళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది ఆ తరువాత మూడేళ్లకు! ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో ముప్పై వేలమంది దాకా అక్కడ పనిచేశారు. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతుకు దిగింది. నూట ఇరవై ఏళ్లలో మొత్తం సుమారు 800 టన్నుల బంగారం తీశారు.

అయితే బంగారం పోయేకొద్దీ పలచబడింది. మొదట్లో టన్ను రాయికి నలభై గ్రాములకు పైగా దొరికేది, చివరికి మూడు నాలుగు గ్రాములే. 1956లో మైసూరు ప్రభుత్వం, 1962లో కేంద్రం గనులను తీసుకున్నాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ ఏర్పడింది. లోతు పెరిగి, ఖర్చు పెరిగి, నష్టాలు పేరుకున్నాయి. మూసే నాటికి మూడున్నర వేలమంది దాకానే మిగిలారు. మన పొరుగునే, చిత్తూరు జిల్లాలోని బిసానత్తం, చిగురుగుంట గనులు కూడా దానితోపాటే ఆగిపోయాయి. విచిత్రమేమిటంటే, ఆ ఏడాది ప్రపంచంలో బంగారం ధర ఇరవై ఏళ్లలో ఎన్నడూ లేనంతగా పడిపోయి ఉంది. 2011 నాటికి అదే ధర డాలర్లలో ఆరు రెట్లు దాటింది.

జీతం పోవడం ఒక్కటే నష్టమని అనుకోకండి. ఇల్లు కంపెనీది, కుళాయి నీళ్లు కంపెనీవి, ఆసుపత్రి కంపెనీది, వీధి ఊడ్చేదీ కంపెనీయే. పంపులు ఆగి గనుల్లో నీళ్లు నిండాయి. ఆసుపత్రి మూతపడింది. ఒక చేత్తో అన్నీ ఇచ్చిన యజమాని పోయినప్పుడు, మునిసిపాలిటీ ఆ చోట్లోకి చప్పున రాలేదు. రాతిధూళితో ఊపిరితిత్తులు పాడైన పాత కార్మికుడికి గని కన్నా ఆ ఆసుపత్రి మూసివేతే పెద్ద దెబ్బ అని నా అభిప్రాయం.

మరి ఊరు ఖాళీ అయిందా? కాలేదు. ఆ ఊరిని నిలబెట్టింది కొత్త ఫ్యాక్టరీ కాదు. 1960ల నుంచి అక్కడ ఉన్న బెమెల్ కర్మాగారం అంతమందికి చోటివ్వలేకపోయింది. నిలబెట్టింది బంగారుపేట నుంచి మారికుప్పం దాకా గనుల కోసం 1890లలో వేసిన రైలు దారి. తెల్లవారకముందే బయలుదేరి బెంగుళూరు వెళ్లి, చీకటి పడ్డాక తిరిగొచ్చేవాళ్లు వేలల్లో తయారయ్యారు. కట్టడం పనులు, కావలి పనులు, బట్టల ఫ్యాక్టరీలు, చదువుకున్న పిల్లలకు ఆఫీసులు. గని నాటి బడుల్లో నేర్చిన ఇంగ్లీషు, వీధిలో అబ్బిన మూడు భాషలు వాళ్లకు బాగా పనికొచ్చాయి. ఇల్లు ఇక్కడ, పని వంద కిలోమీటర్ల అవతల. రోజుకు నాలుగైదు గంటలు బండిలోనే. దీన్ని కోలుకోవడం అనాలంటే నాకు సగమే నోరు వస్తుంది. కుటుంబాలు కోలుకున్నాయి, ఊరు ఇంకా కోలుకోలేదు.

హోసూరు వైపు చూడండి. 1980 ప్రాంతంలో అశోక్ లేలాండ్, టి.వి.ఎస్., 1987 నుంచి టైటాన్ గడియారాలు, వాటి చుట్టూ వందల చిన్న పట్టడాలు. ఒకరు తలుపు మూసినా ఇంకొకరి గేటు తెరిచే ఉంటుంది. అది మేలే. కానీ ఆ చిన్న పట్టడాల్లో ఎన్ని మోటారు బండ్ల విడిభాగాల మీదే బతుకుతున్నాయో కూడా లెక్క చూసుకోవాలి. పేర్లు పది ఉన్నా, గిరాకీ ఒకటే అయితే అదీ ఒక గని లాంటిదే.

ఇక కోలారులో మిగిలినవి సైనైడు దిబ్బలు. రాయి పొడిచేసి బంగారం తీశాక పారబోసిన బూడిదరంగు మట్టి. గాలికాలంలో ఆ దుమ్ము ఇళ్ల మీద పడుతుంది. ఆ మట్టిలో ఇంకా కొంత బంగారం ఉంది. 2024లో కర్ణాటక మంత్రివర్గం పదమూడు దిబ్బల్లో, సుమారు వెయ్యి ఎకరాల మేర, తవ్వకానికి ఒప్పుకుంది. ఆ పనికి ప్రధానంగా యంత్రాలు కావాలి, వెనకటిలా వేలమంది కూలీలు అక్కరలేదు. గని లైన్లలో కాపురమున్న పాత కార్మికులైతే తమ చిన్న ఇళ్లు తమ పేర రాసివ్వమని ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకుంటూ వచ్చారు.