పానకంలో పుడక: ఈ మాట ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ రోజు ఒక జాతీయం సంగతి చూద్దాం.

చైనా వాళ్లు గొప్ప మద్యాన్ని 'చియోంగ్ జియాంగ్ యూ యె' అంటారు. పచ్చరాయి లాంటి పానీయం, పచ్చరాయి ద్రవం అని అర్థం. ఇందులో 'చియోంగ్ జియాంగ్' అనే మాట రెండు వేల ఏళ్ల కిందటే 'చూ త్సి' అనే కవితల సంకలనంలో ఉంది. దేహం వదిలిపోయిన ఆత్మని, ఇంట్లో ఇంత మంచి తిండి, తాగుడు ఉన్నాయి, తిరిగి రా అని పిలిచే కవిత అది.

మరి మన దగ్గర? మన గొప్ప పానీయం పానకం. బెల్లం, నీళ్లు, మిరియాలు, యాలకులు, అంతే. శ్రీరామనవమికి వడపప్పుతో పాటు ఇస్తారు. కృష్ణ దాటితే మంగళగిరిలో పానకాల నరసింహస్వామికి నైవేద్యమే ఇది. స్వామి నోట్లో పానకం పోస్తారు, మిగిలింది భక్తులకి ప్రసాదం. వెయ్యేళ్ల కిందట కశ్మీర్‌లో అభినవగుప్తుడు రసం అంటే ఏంటో చెప్పడానికి కూడా పానకాన్నే ఉదాహరణగా తీసుకున్నాడు. అన్నీ కలిశాక వచ్చే రుచి, అందులో వేసిన ఏ ఒక్కదాని రుచీ కాదు అని.

ఇంత గొప్ప పానీయంలోకి మనవాళ్లు ఒక పుడక వేశారు! పుడక అంటే చిన్న పుల్ల. అదెలా వస్తుందంటే, బెల్లం వండేది ఆరుబయట. గానుగ ఆడిన చెరకు రసాన్ని పెద్ద పెనంలో కాచి, మడ్డి తీసి, అచ్చు పోస్తారు. చుట్టూ చెరకు పిప్పే కాబట్టి పీచో పుల్లో పడుతుంది. పానకాన్ని మళ్లీ కాచరు, చల్లటి నీళ్లలో కలుపుతారంతే. గుడ్డలో వడకట్టకపోతే ఆ పుల్ల నేరుగా గొంతుకి అడ్డం పడుతుంది. సరిగ్గా రుచి తెలుస్తున్న టైంలో!

గమనించండి, పుడక విషం కాదు. పాలల్లో విషం చుక్క పడితే పాలు పారబోయాలి. పుడక పడితే తీసేసి తాగొచ్చు. అందుకే ఈ మాట పూర్తి నాశనానికి వాడం, సంతోషం మధ్యలో వచ్చిన అడ్డంకికి వాడతాం.

ఇక్కడే ఒక మాట. రిలీజ్ ముందు రోజు "ఇది టెస్ట్ చేశారా?" అని అడిగినవాడిని ఆఫీసులో పానకంలో పుడక అంటారు. పెళ్లి మాటల్లో "కట్నం ఎందుకు?" అని అడిగిన పిల్లనీ అదే అంటారు. నిజానికి వాళ్లు పుడక కాదు, వడకట్టే గుడ్డ. పుడక అప్పటికే పానకంలో ఉంది. గొంతులో పడకముందే చూపించారు, అంతే కదా?

మీ ఇంట్లో ఈ మాట ఎవరిని అన్నారో కామెంట్‌లో రాయండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం!