త్రైరాశికం నుంచి అనుపాతం వరకు: ఒక చారిత్రక పరిశీలన

మాధ్యమిక తరగతుల్లో ‘నిష్పత్తి – అనుపాతం’ పేరుతో బోధించే పాఠ్యాంశానికి భారతీయ గణితంలో పూర్వరూపం త్రైరాశికం. ఫలాన్ని ఇచ్ఛతో గుణించి ప్రమాణంతో భాగించాలని ‘ఆర్యభటీయం’ (సుమారు క్రీ.శ. 499) సూత్రీకరించింది. 4 కిలోల బియ్యం 200 రూపాయలైతే 6 కిలోలు 300 రూపాయలు. ఇందులో 4 ప్రమాణం, 200 ఫలం, 6 ఇచ్ఛ.

అయితే ఈ సూత్రం అన్ని సందర్భాలకూ వర్తించదు. 6గురు కూలీలు 10 రోజుల్లో ముగించే పనిని 15 మంది ఎన్ని రోజుల్లో ముగిస్తారన్న ప్రశ్నకు దీన్ని యాంత్రికంగా అనువర్తిస్తే 25 రోజులని తేలుతుంది. మనుషులు పెరిగితే రోజులు తగ్గాలి; సరైన సమాధానం 4. బ్రహ్మగుప్తుడు 628లో ‘బ్రహ్మస్ఫుటసిద్ధాంతం’లో వ్యస్త త్రైరాశికాన్ని వేరుగా నిర్దేశించడానికి ఆధారం ఈ భేదమే.

మహావీరాచార్యుడు 9వ శతాబ్దిలో రచించిన ‘గణితసారసంగ్రహం’లో త్రైరాశికానికి ప్రత్యేక ప్రకరణం ఉంది. ఆ గ్రంథాన్ని పావులూరి మల్లన ‘సారసంగ్రహ గణితము’గా తెలుగు పద్యాల్లోకి తేవడంతో ఈ సంప్రదాయం దేశభాషకు చేరింది.

నేటి అనులోమ, విలోమానుపాతాల విభజన ఆ ప్రాచీన భేదానికి సమానార్థకమే. కానీ ‘అంత్యముల లబ్ధం మధ్యముల లబ్ధానికి సమానం’ అన్న సూత్రాన్ని కంఠస్థం చేసిన విద్యార్థి, రాశుల సంబంధాన్ని పరిశీలించకుండానే గుణకారానికి పూనుకుంటాడు. సంబంధాన్ని నిర్ణయించడం ముందు, గణించడం తరువాత అన్న క్రమాన్ని బోధనలో పునఃప్రతిష్ఠించడం అవసరం.