తుపాకీ మందు ఆగింది, విషం మిగిలింది: బ్యాడ్జర్ భూముల చరిత్ర

అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, సాక్ కౌంటీలో ఉండిన బ్యాడ్జర్ సైనిక మందుగుండు కర్మాగారం ఇప్పుడు లేదు. దాని విషం మాత్రం భూగర్భ జలాల్లో మిగిలింది. ఈ చరిత్రను కర్మాగారం కట్టిన 1942 నుంచి కాక, 1837 నుంచి చెప్పాలని మేము భావిస్తున్నాం. ఎందుకంటే ఆ నేల హో-చంక్ ఆదివాసులది.

1837లో వాషింగ్టన్ వెళ్లిన హో-చంక్ ప్రతినిధులకు భూములు వదులుకునే అధికారం లేదు. అయినా వారితో ఒప్పందంపై సంతకాలు చేయించారు. ఖాళీ చేయడానికి ఎనిమిదేళ్ల గడువుందని వారు నమ్మారు. కాగితం మీద ఉన్నది ఎనిమిది నెలలు. ప్రభుత్వం వారిని పదేపదే తరిమింది. చాలామంది పదేపదే తిరిగివచ్చారు.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అక్కడ సాగు చేసుకుంటున్న రైతు కుటుంబాలను కూడా ఖాళీ చేయించి కర్మాగారం కట్టారు. ఆ యుద్ధానికీ, తర్వాత కొరియా, వియత్నాం యుద్ధాలకూ తుపాకీ, రాకెట్ మందు ఇక్కడ తయారైంది. 1975లో ఉత్పత్తి ఆగింది. 1997లో, ఏడు వేల ఎకరాలకు పైగా ఉన్న ఆ భూమి ఇక తనకు అక్కర్లేదని సైన్యం తేల్చింది.

అన్నేళ్లూ వ్యర్థ రసాయనాలను, మిగిలిన మందును గుంతల్లో పోసి తగలబెట్టారు. కార్బన్ టెట్రాక్లోరైడ్, డైనైట్రోటోలుయిన్ వంటివి ఇసుక నేల గుండా భూగర్భ జలాల్లోకి దిగి, విస్కాన్సిన్ నది వైపు పాకాయి. ఈ రెండూ క్యాన్సర్ ముప్పు ఉన్నవే. 1990లో పొరుగు ఇళ్ల బావుల్లో కాలుష్యం బయటపడింది. అప్పుడు స్థానికులు సంఘంగా ఏర్పడి పరీక్షలు, శుద్ధి కోసం పోరాడారు. పక్కనున్న గ్రూబర్స్ గ్రోవ్ బే అడుగు మట్టిలో పాదరసం చేరింది.

హో-చంక్ జాతి తన భూమిని తిరిగి అడిగింది. కాలుష్య బాధ్యత తన మీద పడుతుందన్న భయంతో ఆదివాసీ వ్యవహారాల శాఖ వెనకాడింది. చివరకు 2014లో అమెరికన్ కాంగ్రెస్ చట్టం చేసి సుమారు 1,550 ఎకరాలు అప్పగించింది. పాత కాలుష్యానికి బాధ్యత సైన్యానిదేనని అందులో పెట్టింది.

ఈ చివరి షరతే మనకు ముఖ్యం. పేదలకు, దళితులకు భూమి ఇస్తామన్నప్పుడు పట్టాతోపాటు మట్టి, నీటి పరీక్షల నివేదిక కూడా అడగాలి. శుద్ధి ఖర్చు ఎవరు భరిస్తారో రాతపూర్వకంగా తీసుకోవాలి. లేకపోతే భూమితోపాటు, దాన్ని పాడుచేసినవాడి బాకీ కూడా మన నెత్తిన పడుతుంది.