అరెస్టుకు ముందే బెయిల్: గట్టు తగాదా కేసుల్లో రైతు తెలుసుకోవలసినవి

ఖరీఫ్ దమ్ములు మొదలయ్యాయంటే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో గట్టు తగాదాలు, కాలువ నీటి తగాదాలు కూడా మొదలవుతాయి. మాటామాటా పెరిగి కేసు అయితే, నాట్లు వదిలేసి బంధువుల ఊరికి వెళ్లిపోయే రైతులు ఉన్నారు. పారిపోవలసిన పని లేదు. అరెస్టు కాకముందే కోర్టు బెయిల్ ఇవ్వగలదు. దీనిని ముందస్తు బెయిల్ అంటారు. పాత సీఆర్‌పీసీలో ఇది 438వ సెక్షను. 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 482వ సెక్షను.

ముందు కేసులో ఏ సెక్షన్లు ఉన్నాయో చూడండి. చేత్తో కొట్టిన మామూలు దెబ్బ అయితే కొత్త శిక్షాస్మృతిలో 115(2). అది బెయిలబుల్, బెయిల్ మీ హక్కు, ముందస్తు బెయిల్‌తో పని లేదు. అదే దెబ్బ కొడవలితోనో గునపంతోనో తగిలితే 118(1) అవుతుంది, అది నాన్ బెయిలబుల్. అందుకే గట్టు దగ్గర మాట తేడా వస్తే ముందు చేతిలోని పనిముట్టు కింద పెట్టమని చెబుతుంటాను.

నాన్ బెయిలబుల్ అయినంత మాత్రాన అరెస్టు తప్పదని కాదు. ఏడేళ్ల లోపు శిక్ష పడే కేసుల్లో కారణం లేకుండా అరెస్టు చేయరాదని 2014లో అర్నేష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అరెస్టు అవసరం లేదనుకుంటే పోలీసులు 35(3) నోటీసు ఇవ్వాలి. దానిని తీసుకుని, చెప్పిన తేదీకి స్టేషన్‌కు వెళ్లండి. వెళ్లకపోతే అదే అరెస్టుకు కారణం కావచ్చు. నా అభిప్రాయంలో చాలా గట్టు కేసులకు ఈ నోటీసే సరిపోతుంది, అప్పు చేసి కోర్టుకు పరుగెత్తనక్కరలేదు.

హత్యాయత్నం వంటి పెద్ద సెక్షను పెడితే మాత్రం ఆలస్యం చేయవద్దు. దరఖాస్తు జిల్లా సెషన్స్ కోర్టులో గాని, హైకోర్టులో గాని వేయాలి. మేజిస్ట్రేటు కోర్టుకు ఈ అధికారం లేదు. ఎఫ్ఐఆర్ నమోదు కాకముందే వేయవచ్చని 1980లో గుర్‌బక్ష్ సింగ్ సిబ్బియా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే ఊరికే భయంగా ఉందంటే చాలదు, ఫలానా ఆరోపణపై అరెస్టు చేస్తారనడానికి ఆధారం చూపాలి. 2010లో సోంపేట, 2011లో కాకరాపల్లి ఆందోళనల తర్వాత ఊళ్లకు ఊళ్లు కేసుల భయంలో బతికాయి. ఎఫ్ఐఆర్‌లో ‘మరికొందరు’ అని రాసి ఉంటే, పేరు లేనివారికి కూడా ఈ దారి ఉంది.

బెయిల్ ఇచ్చేటప్పుడు పిలిచినప్పుడు విచారణకు రావాలని, సాక్షులను బెదిరించరాదని షరతులు పెడతారు. జామీనుదారులకు పాసు పుస్తకమో ఇంటి పన్ను రశీదో సిద్ధంగా ఉంచుకోండి. షరతు తప్పితే బెయిల్ రద్దు కావచ్చు. సాధారణంగా ఈ బెయిల్‌కు గడువు ఉండదని, విచారణ ముగిసేదాకా సాగవచ్చని 2020లో అయిదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది.

ఒక ముఖ్యమైన మినహాయింపు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కేసుల్లో 18వ సెక్షను ముందస్తు బెయిల్‌ను నిషేధించింది. ఫిర్యాదు చదివితే ఆ నేరమే కనబడని పరిస్థితిలో తప్ప కోర్టు ఇవ్వదు. పొలం తగాదాలో కులం పేరెత్తి తిట్టినవారికి ఈ దారి మూసుకుపోయినట్టే.

వకీలు ఖర్చు భరించలేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. ఫోన్ నంబరు 15100.