హేతువు - శ్రమ: ఒక చారిత్రక పరిశీలన

పద్దెనిమిదో శతాబ్దపు ఐరోపాను హేతువాద యుగమంటాం. హేతువు, విజ్ఞానం మానవ ప్రగతికి బాట వేశాయన్న మాట నిజమే. కాని ఆ బాట ఎవరు వేశారు, ఏ అడ్డంకులు దాటి వేశారు, దానిమీద ఎవరు నడవగలిగారు అన్న ప్రశ్నలు వేసుకోకపోతే చరిత్ర కేవలం మేధావుల జీవితకథగా మిగిలిపోతుంది. డిడెరో, డాలంబేర్‌ల సంపాదకత్వాన 1751 నుంచి పారిస్‌లో వెలువడిన ఫ్రెంచి విజ్ఞాన సర్వస్వాన్ని ఈ దృష్టితోనే పరిశీలించాలి.

భూస్వామ్య సమాజం శారీరక శ్రమను నీచంగా చూసింది. చేతిపనుల మెళకువలు వృత్తి సంఘాల గుప్పిట్లో ఉండేవి. లాంగ్ర్ పట్టణంలో కత్తులు చేసే వృత్తికారుని కొడుకైన డిడెరో ఈ రెండింటినీ ధిక్కరించాడు. పనిశాలల నుంచి సమాచారం సేకరించాడు. మేజోళ్లు అల్లే యంత్రాన్ని గురించి తానే వివరంగా రాశాడు. వేదాంతం, గణితాల సరసన కమ్మరి కొలిమికీ, గాజు బట్టీకీ చోటిచ్చాడు. 17 సంపుటాల వ్యాసాలకు 11 సంపుటాల చిత్రాలు తోడయ్యాయి. శ్రమ కూడా జ్ఞానమేనని చాటడమే ఈ గ్రంథం చేసిన అసలు తిరుగుబాటు.

పాలకులు ఆ ప్రమాదాన్ని సరిగానే పసిగట్టారు. డిడెరో 1749లోనే తన రచనలకుగాను వాన్సెన్ కోటలో ఖైదు అనుభవించాడు. 1759లో రాజ్యం ఈ గ్రంథ ముద్రణానుమతిని రద్దు చేసింది; పోపు దాన్ని నిషేధించాడు. అప్పటికే డాలంబేర్ తప్పుకున్నాడు. డిడెరో మాత్రం రహస్యంగా పని సాగించాడు. 1764లో మరో దెబ్బ తగిలింది. ముద్రాపకుడు లె బ్రెతాన్ భయపడి, సంపాదకునికి తెలియకుండా కొన్ని వ్యాసాలను కత్తిరించాడని బయటపడింది. మిగిలిన పది సంపుటాలు ఆ గాయాలతోనే 1765 తేదీతో అచ్చయ్యాయి. రాజు నిషేధం ఆపలేకపోయిన అక్షరాలను సొంత మనిషి భయం చెరిపేసింది. రచయితలు మరచిపోగూడని పాఠమిది.

అయితే ఈ హేతువుకు వర్గ పరిమితులున్నాయి. చందాదారులు సుమారు 4,000 మంది. చిత్రాల్లో కనిపించే పనివాడు ఆ పుస్తకాన్ని కొనలేడు. బానిసల వ్యాపారం సహజ హక్కులకు విరుద్ధమని జోకూర్ ఇందులోనే రాశాడు. ఇందులోనే మరో వ్యాసం నల్లజాతి బానిసలను తోటల యజమాని కళ్లతో చూసింది. ఫ్రెంచి వలసల్లో కొరడా ఆగలేదు. 1791లో సాన్ దొమింగ్ బానిసలు తిరగబడిన తర్వాతనే, 1794లో విప్లవ ఫ్రాన్సు బానిసత్వాన్ని రద్దు చేసింది. 1802లో నెపోలియన్ దాన్ని పునరుద్ధరించ పూనుకున్నాడు. సాన్ దొమింగ్ ప్రజలు లొంగలేదు. పోరాడి 1804లో హైతీగా స్వతంత్రులయ్యారు.

కనుక హేతువాదాన్ని బూర్జువా భావజాలమని తోసిపుచ్చడమూ పొరపాటే, అదే సర్వస్వమని ఆరాధించడమూ పొరపాటే. సహజ హక్కుల భావాన్ని కాగితం మీదికి తెచ్చినవారు రచయితలు. దాన్ని చట్టం చేయించినవారు ఆ కాగితం చదివే అవకాశమే లేని బానిసలు. ఈ రెండు కృషులనూ కలిపి చూసినప్పుడే ప్రగతి చరిత్ర మనకు సమగ్రంగా అర్థమవుతుంది.