కంతియు కత్తియు

మునగాకుతో వండిన తెలగపిండి కూర మన కోనసీమవారికి క్రొత్త కాదు. ఆ తెలగపిండినే సుశ్రుతుడు శస్త్రవైద్యమున నొక పోలికకు వాడుకొనెను. మేదోగ్రంథి యను కంతి నునుపై పెద్దదిగా పెరుగుననియు, నొప్పి స్వల్పమనియు, పగిలినచో తెలగపిండిని, నేతిని బోలిన పదార్థము వెడలుననియు ఆయన సంహితలోని నిదానస్థానము చెప్పుచున్నది. నేటి వైద్యులు చర్మపు తిత్తి యని పిలుచు కంతిని కోసి చూచినవారికి, ఈ మాట కంటితో చూచి చెప్పినదని తోపక మానదు.

చర్మపు పైపొర కణములు లోపల చిక్కుకొని సంచిగా నేర్పడుటచే ఈ తిత్తి పుట్టును. అందలి తెల్లని ముద్ద క్రొవ్వు కాదు. గోళ్లను, వెండ్రుకలను గట్టిపరచు కెరాటిను. తిత్తి పైచర్మము నంటియుండును; పలుమారు నడుమ సూదిమొన యంత నల్లని రంధ్రము కానవచ్చును. క్రొవ్వు కంతి యట్లుగాక వ్రేలి క్రింద జారిపోవును. గట్టిపడి కదలనిది, త్వరగా పెరుగునది, పుండుపడునది అయినచో జాగు చేయక వైద్యునికి చూపవలెను.

తిత్తిని పిండినంతమాత్రమున పోదు. సంచి మిగిలినచో మరల నిండును. కావున ఆ తావునకు మత్తుసూది వేసి, రంధ్రముతో గూడ చర్మమును కోలగా కోసి, సంచిని సమూలముగా తీసి కుట్లు వేయుదురు. చీము పట్టినదైనచో ముందు చీము వెడలించి, వాపు తగ్గిన పిదప సంచిని తీయుదురు. అర్బుదములను శేషము లేకుండ తీయవలెననియు, మిగిలినది నిప్పువలె మరల విజృంభించుననియు సుశ్రుతుడు ఏనాడో హెచ్చరించెను.

ఇంత యెరిగిన విద్య యేమైనది? గుమ్మడి, సొర, దోసకాయలపై కోతను, నీటితోను బురదతోను నింపిన తోలుతిత్తులపై చీల్చుటను శిష్యులు అభ్యసింపవలెననియు, శవమును పరిశీలింపవలెననియు ఆ గ్రంథమే విధించినది. కాని నెత్తురును శవమును ముట్టుట మైల యైనది. గ్రంథము పండితుని యింట, కత్తి మంగలి వైద్యుని పొదిలో నిలిచిపోయెను. చదివినవాడు ముట్టడాయెను, ముట్టినవానికి చదువు దక్కదాయెను.

ఇంగ్లండునను క్షురకులును శస్త్రవైద్యులును 1540 మొదలు 1745 వరకు ఒకే సంఘమున నుండిరి. అయినను అచ్చట చేతిపనికి చదువు తోడయ్యెను. 1821లో నాల్గవ జార్జి రాజు తలమీది కంతిని ఆస్ట్లీ కూపరు తొలగించి బిరుదు పొందెను. అప్పటికి మత్తుమందు లేదు. ఈథరు 1846లో వచ్చెను. మనదేశమున 1836లో కలకత్తాలో మధుసూదన గుప్తుడు శవమును కోసి మైల యను కట్టును తెంచెను. 1923లో విశాఖపట్టణమున వైద్య కళాశాల వెలసెను. నేడు అమలాపురముననే వైద్య కళాశాల యున్నది.

కాని సిగ్గు ఇంకను మన యిండ్లు విడువలేదు. రాజోలు ప్రాంతమున మా మేనత్త యొకరు తలమీది కంతిని ఇరువది యేండ్లు కొప్పులో దాచుకొనిరి. పూర్వజన్మ పాపమని యొకరు, వాత పెట్టుమని యొకరు. తుదకు ఆసుపత్రిలో అరగంటలో అది తీసివేయబడెను. నిమ్మకాయంత సంచిని చూచి ఆమె, "ఇంతేనా నాయనా! దీనికోసమా నేను ఇన్నేళ్లు పేరంటాలు మానుకున్నది?" అనిరి.

ఆ ప్రశ్నకు మాకు జవాబు తోపలేదు. వైద్యుడు కోసినది కంతిని మాత్రమే. ఆమెచేత దానిని దాపించిన భయమునకును సంచి యొకటి కలదు. దానిని శేషము లేకుండ తీయవలసిన పని మన గృహములది.