ఇంజనీరు మంత్రి: డాక్టరు కె. ఎల్. రావు, నంద్యాల సీమ

నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతముల రైతునకు చిరకాలము కాలువ యనగా కర్నూలు-కడప కాలువయే. 1863లో ఒక ఇంగ్లీషు కంపెనీ త్రవ్వించ నారంభించిన యీ కాలువ సుంకేసుల ఆనకట్టనుండి తుంగభద్ర నీటిని గొనివచ్చును. పడవలు నడపి లాభమార్జింపవలెనన్న కంపెనీ ఆశ ఫలింపలేదు. 1882లో ప్రభుత్వమే దానిని కొనవలసివచ్చెను. తుంగభద్ర వట్టిపోయిన యేడు పైరునకు వేరు దిక్కు లేకుండెను. సీమకు ఉత్తరపుటంచున కృష్ణ ప్రవహించుచున్నను, లోతైన గండిలోని ఆ నీరు పొలమునకు ఎక్కు దారి లేదు. ఆ దారి ఏర్పడిన కథలో డాక్టరు కానూరి లక్ష్మణరావుగారికి ముఖ్యస్థానము కలదు.

రావుగారు 1902లో కృష్ణాజిల్లా కంకిపాడున జన్మించిరి. బడిలో ఆటలాడుచుండగా తగిలిన దెబ్బకు ఒక కంటి చూపు పోయెను. మద్రాసు విశ్వవిద్యాలయమున ఇంజనీరింగులో మాస్టరు పట్టము పొందిన మొదటివారు వీరే. 1939లో బర్మింగ్‌హాములో డాక్టరేటు నందిరి. కేంద్ర జల విద్యుత్ కమిషనులో డిజైన్ల డైరెక్టరుగా పనిచేసి, నాగార్జునసాగర రూపకల్పనలో ప్రధానపాత్ర వహించిరి. 1962లో విజయవాడనుండి లోక్‌సభకు ఎన్నికై, 1963లో కేంద్ర నీటిపారుదల, విద్యుచ్ఛక్తి మంత్రి యైరి. ఆయన చదివినది కట్టడముల శాస్త్రము. చేతికి వచ్చినది విద్యుచ్ఛక్తి కూడ.

రాయలసీమవారికి ఆయన యెడల కొంత శంక యుండుట అకారణము కాదు. 1951లో మద్రాసు ప్రభుత్వము తలపెట్టిన కృష్ణా-పెన్నారు పథకము సిద్ధేశ్వరము ఆనకట్టతో ఈ సీమకు నీరందించునని ఆశలు రేపెను. మరుసటియేడు ఖోస్లా సంఘము దానిని విడిచి నందికొండను ఎంచినది. ఆ నందికొండయే నాగార్జునసాగరమైనది. రావుగారి పేరు దానితో ముడివడియున్నది.

అయితే శ్రీశైలము సంగతి వేరు. 1963 జూలైలో నెహ్రూగారు శంకుస్థాపన చేసినప్పుడు అది కేవలము విద్యుత్ పథకము. కుడిగట్టున 110 మెగావాట్ల యంత్రములు ఏడు. విద్యుత్తునకు నీరు ఎత్తునుండి పడవలెను. అందులకే ఆనకట్ట ఎత్తుగా కట్టబడెను. నిండు జలాశయపు మట్టము సముద్రమట్టముపై 885 అడుగులు. యంత్రమునకై ఎక్కించిన ఆ మట్టమే నీరు దక్షిణమునకు తనంతట పారుటకు వీలు కల్పించినది! పోతిరెడ్డిపాడు తూములగుండ వెడలిన కృష్ణాజలము బనకచెర్ల చేరి మూడుగా చీలును: ఒకటి 1,90,000 ఎకరములకు ఉద్దేశింపబడిన శ్రీశైలము కుడికాలువ, మరొకటి వెలుగోడు మీదుగా తెలుగుగంగ, మూడవది పాత కర్నూలు-కడప కాలువకు ఆసరా. నంద్యాల, ఆళ్ళగడ్డ పొలములకు తుంగభద్రతోపాటు కృష్ణయు దక్కినది.

దీనికి మూల్యము చెల్లించినవారు వేరు. 1981లో జలాశయము నిండినప్పుడు కృష్ణ యొడ్డు గ్రామములనేకము మునిగినవి. వారి త్యాగమును కాలువ లెక్కలలో వ్రాయువారు అరుదు. సంగమేశ్వర ఆలయము నేటికిని వేసవిలో నీరు తగ్గినప్పుడే బయటపడును.

మొదటి యంత్రము తిరుగునప్పటికి (1982) రావుగారు మంత్రిపదవి వీడి చాలకాలమైనది. 1986లో వారు దివంగతులైరి. జలాశయమునకు 1977లో నంద్యాలనుండి లోక్‌సభకు గెలిచిన నీలం సంజీవరెడ్డిగారి పేరు పెట్టిరి. రావుగారి పేరు పులిచింతలకు దక్కెను. తెలుగుగంగ నీరు చెన్నపట్టణము చేరినది 1996లో.